నేను తీసేసిన నోరు

మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీనైన కొత్తలో నాకో పిచ్చి పట్టింది. సామరస్యాన్ని ఏ భాషలో ఏమంటారో రోజుకొకటి చొప్పున పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. గ్రీకుల 'హార్మోనియా' అసలు వడ్రంగి మాట. 'ఒడిస్సీ'లో తెప్ప చెక్కల్ని బిగించే అతుకులకు హోమర్ వాడింది అదే. జపాన్ వాళ్లది 'వా'. 2019లో మొదలైన వాళ్ల 'రేవా' శకం పేరులో ఉన్నదీ ఆ 'వా'నే. ఆ అక్షరం చైనాది. ఎడమవైపు పైరు, కుడివైపు నోరు. "చూశారా, అందరి నోటికీ ముద్ద అందితేనే సామరస్యం!" అని భాష్యం చెప్పి, వచ్చిన దండాల బొమ్మలు లెక్కపెట్టుకున్నాను.

వాటి కిందే 302 ఆయన అడిగాడు: "సెక్రటరీగారూ, మూడు నెలలుగా నీళ్ల ట్యాంకర్ల లెక్క పెట్టలేదేమండీ?"

నేనేం తినలేదు. రసీదులన్నీ ఓ ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఉన్నాయి, కూడటానికి బద్ధకం. అంతే. ఆ మాట ఒప్పుకుంటే పోయేది. "గ్రూపులో సామరస్యం చెడుతోంది" అని రాసి, ఆయన మెసేజ్ తీసేశాను. ఒక్కరూ నోరెత్తలేదు. అబ్బ, ఎంత ప్రశాంతం అనుకున్నాను!

ఆ రాత్రి మర్నాటి మాట కోసం వెతుకుతుంటే తగిలింది. 2004లో చైనా కమ్యూనిస్టు పార్టీ 'సామరస్య సమాజం' అనే నినాదం ఎత్తుకుంది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో తమ రాతలు మాయమైనప్పుడల్లా అక్కడివాళ్లు "సామరస్యం చేసేశారు" అని ఎకసెక్కమాడేవారట. ఆ మాటకు బదులు 'ఏటి పీత' అని కూడా అంటారు. చైనా భాషలో స్వరం తేడా తప్ప రెండూ ఒకేలా పలుకుతాయి. ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాలుగంతస్తులకీ ఏటి పీతను నేనే.

ఇంకోటి కూడా తెలిసింది. ఆ అక్షరంలో పైరు ఉన్నది ఉచ్చారణ తెలపడానికేనట. అర్థాన్ని మోసేది నోరు. నా ముద్ద భాష్యం కట్టుకథ. పైగా నేను తీసేసింది సరిగ్గా ఆ నోటినే.

మర్నాడు రసీదులన్నీ కూడి, క్షమించమని రాసి, లెక్క గ్రూపులో పెట్టాను. కూడికలో నాలుగు వందలు తేడా ఉందని 302 ఆయనే పట్టుకున్నాడు. ఆ మెసేజ్ మాత్రం తీసెయ్యలేదు.