స్టార్టరుకు జోలపాట

సాయంత్రం ఆరు దాటాక గురజాల నుంచి మాచర్ల వైపు వస్తుంటే ఒక చిత్రమైన ఊరేగింపు ఎదురవుతుంది. టీవీఎస్ ఎక్సెల్ మీద రైతు, అతని కాళ్ల మధ్య గోనెసంచి పరిచి కూర్చోబెట్టిన ఇనప డబ్బా. కొత్తవాళ్లు కూరగాయల బుట్టేమో అనుకుంటారు. కాదు, బోరు మోటారు స్టార్టరు. పొద్దున్నే చేనికి తీసుకెళ్లి బిగించడం, పొద్దుగూకేసరికి విప్పి ఇంటికి తెచ్చుకోవడం. మా బాబాయికి మూడేళ్లుగా ఇదే పని. మనవడు బడి ఎగ్గొట్టినా ఊరుకుంటాడు గానీ స్టార్టరు ఒక్కపూట ఆలస్యంగా ఇల్లు చేరినా ఊరుకోడు. రాత్రి దాన్ని మంచం కింద పెట్టి, రెండుసార్లు చేత్తో తడిమి చూసుకుని గానీ కళ్లు మూయడు.

"నేను పుట్టింటికి పోయి పది రోజులున్నా ఎప్పుడొస్తావని అడగడు. అది కనపడకపోతే మాత్రం అన్నం ముట్టడు" అంటుంది పిన్ని. సవతి ఇనుముతో చేసిందైనా సవతే కదా.

పల్నాట బంగారం గురించి ఎవరికీ దిగుల్లేదు. అది ఖరీఫ్ మొదట్లోనే బ్యాంకు బీరువాలోకి చేరుతుంది, తాకట్టుగా. అంత పకడ్బందీ కాపలా దానికి ఇంకెక్కడా ఉండదు. దొంగ చేతికే కాదు, మన చేతికీ దొరకదు. ఇప్పుడు భయమంతా రాగితోనే. బోరు మూతి దగ్గర నుంచి స్టార్టరు దాకా పోయే కేబులు, ట్రాక్టరు బ్యాటరీ, తైవాన్ పంపు, స్ప్రింక్లర్ పైపులు, కల్లంలో పరిచిన పట్టలు... ఆస్తంతా ఆరుబయటే పడి ఉంటుంది. ఇంటికేమో తాళం మీద తాళం. లోపల చూస్తే ఒక పాత టీవీ, పెళ్లి ఫొటో.

దొంగలకు చదువు లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ట్రాన్స్‌ఫార్మర్ దించడం చూశారా? ఏబీ స్విచ్ లాగాలి, బోల్టులు విప్పాలి, అంత బరువునీ చప్పుడు కాకుండా కిందికి జార్చాలి, నూనె వంచేయాలి, లోపలి చుట్టలు ఊడబెరకాలి. అంతా చీకట్లోనే. ఇదే పనికి మనం అర్జీ పెట్టుకుంటే లైన్ మీద మనిషి రావడానికి ఎన్ని పొద్దులు పడుతుందో మీకు తెలుసు. కొన్నిట్లో రాగికి బదులు అల్యూమినియం చుట్టి ఉంటుంది. అది తెలియక దించినవాడు, నకిలీ విత్తనం మొలవని రోజు మనం తిట్టుకున్నట్టే తిట్టుకుంటూ పోతాడని నా ఊహ. 2003 నాటి విద్యుత్ చట్టం 136వ సెక్షన్ ప్రకారం ఈ విద్యకు మూడేళ్ల దాకా జైలు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద నీళ్లందక ఎండిపోయిన మిరప తోటకు ఎన్నేళ్లో ఆ సెక్షన్‌లో లేదు.

కరెంటు వేళలు కూడా ఆ దొంగగారికే తెలుసు. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు త్రీఫేజ్ కరెంటు అన్నది సర్కారు మాట. ఆ తొమ్మిది గంటలు ఎప్పుడు మొదలవుతాయో మాకు రోజూ సస్పెన్సే. అది పోయిన నిమిషానికి బోరు దగ్గర కటింగ్ ప్లయరుతో నిలబడేవాడికి మాత్రం ఏ సస్పెన్సూ లేదు.

నేను బాబాయిలాగా పాతకాలం మనిషిని కాను. మొబైల్ స్టార్టరు పెట్టించాను. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కితే చేలో మోటారు తిరుగుతుంది. కరెంటు వచ్చినా పోయినా కబురొస్తుంది. పోయినేడు కార్తీక అమావాస్య వెళ్లాక పల్నాటి వీరుల ఉత్సవానికి కారంపూడి వెళ్లాను. మందపోరు రోజు. పల్నాటి యుద్ధమంటే పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన యుద్ధం. ఆ వీరుల ఆయుధాలను కొణతాలంటారు. ఆచారవంతులు వాటిని ఎత్తుకుని పూనకంతో ఊగిపోతుంటే ఒళ్లు గగుర్పొడిచి నిలబడ్డాను. జేబులో ఫోను కూసింది. "సరఫరా లేదు" అని కబురు. కరెంటు పోయింది కాబోలనుకుని ఫోను జేబులో పెట్టి బాలచంద్రుడికి దణ్ణం పెట్టుకున్నాను. తెల్లారి చేనికి పోతే సరఫరా లేనిమాట నిజమే. కేబులూ లేదు, స్టార్టరూ లేదు. పాపం, తనను ఎత్తుకుపోతున్నారని చెప్పడానికి ఆ స్టార్టరుకు తెలిసిన మాట అదొక్కటే.

స్టేషన్‌కు వెళ్లాను. ఏ స్టేషనో అడక్కండి, మళ్లీ పనిపడొచ్చు. మొదటి ప్రశ్న బిల్లు ఉందా అని. ఎనిమిదేళ్ల కిందటి కేబులు బిల్లు దాచుకునేవాడైతే కేబులే దాచుకునేవాడు గదా. రెండోది, విలువెంత అని. ఇక్కడ బల్ల మీద నా పక్కన కూర్చున్న పెద్దమనిషి మోచేత్తో పొడిచాడు. "అబ్బాయ్, అయిదు వేల లోపు చెప్పబాక" అన్నాడు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ చదువుకున్న మనిషాయన. సొత్తు అయిదు వేల లోపుదై, దొంగకు అదే మొదటి తప్పయి, సొత్తు తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. నాకది నచ్చింది. ఆ సేవ మా చేలో చేయిస్తే బాగుండు, ఎటూ బోరు దగ్గర అన్నీ ఎక్కడున్నాయో తెలిసిన మనిషే కదా.

సలహాలకు కొదవలేదు. కెమెరా పెట్టించమన్నారు. దానికి కరెంటు కావాలి, కరెంటుకు వైరు కావాలి, మనం వచ్చింది ఆ వైరు కోసమే. ఊరెళ్లేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పి వెళ్లమన్నారు. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టి, కదలిక కనపడితే పరిగెత్తుకొస్తారు. మంచి ఏర్పాటే, వెక్కిరించను. కానీ అది తాళం వేసిన ఇంటికి. నాలుగెకరాల చేనుకు తాళం ఎటు వైపు వేయాలి?

కుక్కను పెంచమన్నారు. దొంగలు పడ్డ ఆరునెలలకు మొరిగే జాతి మా ఊళ్లో ముందే ఉంది. ఎన్నికలప్పుడు మొరుగుతుంది.

ఇక మిగిలింది మనిషి కాపలా. మిర్చి కల్లాల దగ్గర అది మాకు పాత అలవాటే. క్వింటా ఇరవై వేలు దాటిన ఏళ్లల్లో కల్లం పక్కన మంచాలు, మంచాల పక్కన కర్రలు, రాత్రంతా బీడీ నిప్పులు. 2025లో ధర కుప్పకూలాక కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలని లెక్క గట్టింది. మంచాలు ఇంటికొచ్చేశాయి. ఆ ధరకు ఎత్తుకుపోయినా దొంగకు ఆటో కిరాయి కూడా గిట్టేది కాదు. పంటను దొంగల నుంచి కాపాడటానికి ఇంతకన్నా ఖర్చు లేని పద్ధతి ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు.

ఇన్ని సలహాలిచ్చారు గానీ, ఆ రాగి చివరికి ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు. దొంగ దాంతో ఉంగరం చేయించుకోడు, చెంబు పోయించుకోడు. రాత్రి ఏ వాగు పక్కనో తగలబెట్టి పైతొడుగు కాలాక, తెల్లారి కాటా మీద పెడతాడు. మోటారుకు తాళం, గేటుకు తాళం, ఇంటికి తాళం. కాటాకు మాత్రం లేదు. పాత ఇనుము కొట్టాయన తూకం సరిగా వేస్తాడు. మసి వాసన కొట్టే పచ్చి రాగి ఎక్కడిదిరా అని అడగడం తూకంలోకి రాదు. తెచ్చినవాడు దొంగ, కొన్నవాడు వ్యాపారి, పోగొట్టుకున్నవాడు జాగ్రత్త లేని మనిషి.

ఇంగ్లండులోనూ రైలు పట్టాల పక్క తీగలూ చర్చి కప్పుల మీది సీసం రేకులూ మాయమయ్యేవి. వాళ్లు చర్చి పైకప్పును సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకోలేదు. పాత లోహానికి రొక్కం ఇవ్వొద్దని 2012లో నిషేధం పెట్టారు. మరుసటి ఏడు ఆ వ్యాపారులకు ప్రత్యేక చట్టం తెచ్చి, అమ్మినవాడి పేరూ ఊరూ రాసుకోవాలన్నారు. మనకూ చట్టం లేక కాదు. దొంగసొత్తని తెలిసి కొంటే నేరమని 1860లోనే రాసుకున్నాం, 411వ సెక్షన్. ఇప్పుడది 317 అయింది. నంబరు మారినట్టు కాటాకు ఇంకా కబురు అందలేదు. మా దగ్గర టీ కొట్టులో పది రూపాయలకు కూడా ఫోన్ చూపించమంటారు. రాగికి మాత్రం ఇప్పటికీ నోట్లే.

ఈ ఏడు కారంపూడికి బాబాయిని వెంటబెట్టుకెళ్లాను. భుజాన గోనెసంచి దించకుండా జనంలో తిరిగాడు. నాగులేటి దగ్గర తోపులాటలో ఆ సంచి తగిలి ఒకాయన మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. తేరుకున్నాక, పండక్కొచ్చి ఈ ఇనుమేందయ్యా అని గదమాయించాడు.

బాబాయి సంచి సర్దుకుని, చుట్టూ ఊగుతున్న కత్తుల్నీ బల్లాల్నీ ఒకసారి చూశాడు.

"మా ఇంటి కొణతం లేవయ్యా" అన్నాడు.