దాడి నాది, గీత మీది

నన్ను చూడగానే "వచ్చాడమ్మా శనిగాడు" అంటారు. అలవాటైపోయింది. నేను గోబ్లిన్‌ని. పడమటి దేశాల కథల్లో తిరిగే పొట్టి రాక్షసుల జాతి మాది. ఉన్నమాట చెప్పాలంటే అరచేతిలో పట్టే ఒక ముక్కని. నా ఊరు ‘కార్టోగ్రాఫర్స్’ అనే ఆటపెట్టె. ఆట అల్లింది బ్రెజిల్‌కి చెందిన జోర్డీ అదాన్. 2019లో అమెరికాలో థండర్‌వర్క్స్ గేమ్స్ వాళ్లు అచ్చేశారు. మరుసటి ఏడాది జర్మనీ వాళ్ల కెన్నర్‌స్పీల్ బహుమతికి తుది జాబితా దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఆ సంగతి మా పెట్టెలో ఎవరూ ఎత్తరు.

కథేమిటంటే, నాలోస్ రాజ్యానికి గిమ్నాక్స్ అని ఒక రాణి. ఉత్తరాది భూములన్నీ తనవేనని పటం గీయించుకోవాలని ఆవిడ పంతం. ఆటగాళ్లు ఆవిడ కొలువులో పటాలు గీసేవాళ్లు. తలా ఒక కాగితం, పెన్సిలు. కాగితం మీద అడ్డం 11, నిలువు 11 గళ్లు. ముక్క తిప్పగానే అందరూ అదే ముక్క చూసి, ఎవరి కాగితం మీద వాళ్లు అడవో, ఊరో, పొలమో, నీళ్లో గీసుకోవాలి. వంతుల గొడవ లేదు కాబట్టి ఒకరి నుంచి వంద మంది దాకా ఆడొచ్చని పెట్టె మీదే ఉంటుంది. హైదరాబాద్‌లో నేనున్న ఇంట్లో మాత్రం ఆడేది ఇద్దరే, వదినా మరదళ్లు.

ఆ ఉత్తరాది భూముల్లో రాణిగారికంటే ముందు ఎవరుండేవారో ఎవరూ అడగరు. మేం కాలు పెడితే మాత్రం దాడి అంటారు.

ఒక్కో ఋతువు మొదట్లో మాలాంటి రాక్షసుల ముక్కల్లో ఒకదాన్ని కట్టలో కలుపుతారు. నేను పైకి తేలానో, ఆటగాళ్లు కాగితాలు మార్చుకోవాలి. ఐమూలగా మూలలు ఆనించుకున్న మూడు గళ్లు నా ఆకారం. దాన్ని ఎదుటివాళ్ల పటంలో ఎక్కడ గీయాలో తేల్చేది మీరే. ఋతువు ముగిసేసరికి నా పక్కన ఖాళీగా మిగిలిన ప్రతి గడికీ ఒక పాయింటు కోత. చుట్టూ బయలైతే ఎనిమిది. ఇందులో నా చెయ్యి ఎక్కడుందో చెప్పండి?

"వదినా, నీ ఊళ్ల మధ్యలో వేస్తున్నా, ఏమనుకోకు."

"వెయ్యమ్మా, వెయ్యి. నీ కాగితం నా చేతిలోనే ఉందిగా."

మొదట్లో మరదలు నన్ను ఎప్పుడూ విశాలమైన బయల్లోనే దింపేది. ఎనిమిదికి ఎనిమిదీ పోతాయని ఆశ. వదిన తర్వాతి ముక్కలతోనే, పులిజూదంలో మేకలు పులిని కట్టేసినట్టు, నన్ను నాలుగు వైపులా మూసేసేది. పైగా నా మూడు గళ్లూ నిండిన గళ్ల లెక్కలోకే వస్తాయి. ‘బోర్డర్‌ల్యాండ్స్’ ముక్క ఆటలో ఉంటే, పూర్తిగా నిండిన ప్రతి అడ్డవరుసకీ నిలువువరుసకీ ఆరేసి పాయింట్లు. అలాంటప్పుడు నన్ను బయల్లో దింపడమంటే వైరికి సాయం చేసినట్టే.

ఇప్పుడా పిల్ల తెలివి మీరింది. ‘వైల్డ్‌హోల్డ్స్’ ఉన్నరోజు, అంటే ఆరు గళ్లకు తగ్గని ఊరికి ఎనిమిది పాయింట్లు వచ్చే రోజు, వదిన నాలుగు గళ్ల ఊరు ఒకటీ రెండు గళ్లది ఒకటీ కట్టి, రేపో మాపో కలుపుదామని మధ్యలో సందు ఉంచింది. నన్ను తెచ్చి సరిగ్గా ఆ సందులో పెట్టింది మరదలు. నా పక్కన ఖాళీ పడ్డవి మూడే గళ్లు. కానీ ఆ ఊళ్లు ఇక కలవలేదు. నా జన్మకి అంతకంటే మంచి ఉద్యోగం దొరకలేదు.

అయితే నాకు భయపడి ఆట పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. అసలు కీలకం కాలంలో ఉంది. బోర్డర్‌ల్యాండ్స్, వైల్డ్‌హోల్డ్స్ లాంటి పాయింట్ల ముక్కలే రాణి ఫర్మానాలు. ఆటకి నాలుగు: ఎ, బి, సి, డి. వసంతంలో ఎ, బి లెక్కిస్తారు. వేసవిలో బి, సి. శరత్తులో సి, డి. చలికాలంలో డి, మళ్లీ ఎ. ఋతువుల నిడివి చూస్తే వసంతానికి, వేసవికి చెరో 8 కాలపు పాళ్లు, శరత్తుకి 7, చలికాలానికి 6. వేసవి దాటితే బి చచ్చిన ఫర్మానా, దాని కోసం ఏం గీసినా దండగ. ఎ మాత్రం ఏడాది చివర మళ్లీ తలుపు తడుతుంది. కొత్తవాళ్లు వసంతంలోనే నాలుగింటి వెంటా పరిగెత్తి, ఏదీ అందక ఉసూరుమంటారు.

నాణేల లెక్క ఇంకా తమాషా. ప్రతి ఋతువు చివరా, చేతిలో ఉన్న నాణేలన్నిటికీ పాయింట్లు వస్తాయి. కాబట్టి వసంతంలో తీసుకున్న నాణెం ఏడాదికి నాలుగు, చలికాలంలో తీసుకున్నది ఒకటే. పొలం ముక్క వస్తే రెండు గళ్లు గీసి నాణెం పుచ్చుకోవచ్చు, లేదా కూడిక గుర్తులా ఐదు గళ్లు గీసి ఊరుకోవచ్చు. వసంతంలో వదిన చూపు ఎప్పుడూ రెండు గళ్ల మీదే. నేను వసంతంలోనే దిగిపోతే మాత్రం చూపు మారుస్తుంది. మూయకుండా వదిలేసిన గడి ఒక్కొక్కటీ నాలుగు ఋతువుల్లోనూ కోత పెడుతుంది మరి. అప్పుడు నా పక్క గడి ఒకటి మూయడమూ ఒక నాణేనికి సమానమే. ఇంత చిన్న లెక్క తెలియక నన్ను శపించేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మరదలు లేని మధ్యాహ్నాలు వదిన ఒక్కతే ఆడుతుంది. అప్పుడు నన్ను పగతో గీసేవాళ్లుండరు. నా ముక్క మీద ఏ మూల గుర్తు ఉంటే ఆ మూల నుంచి మొదలుపెట్టి, బాణం చూపిన దిక్కున అంచు వెంట వెళ్లి, వీలున్న మొదటి చోట దిగాలి. ఈ సంగతి పసిగట్టి ఆవిడ మూలలన్నీ ముందే అడవులతో నింపేస్తోంది. మొన్న అంచు పొడుగునా తిరిగినా నాకు సందు దొరకలేదు. ఇంకో వరుస లోపలికి జరిగి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది.