విమానవేళా పద్యం: టీకా తాత్పర్య సహితము

అవతారిక

టికెట్టు కొన్న రోజే ప్రయాణం ఖాయమైందని నమ్మిన ఒక గృహస్థు, తెల్లవారుజామున ఎగరవలసిన విమానం మధ్యాహ్నం దాకా జరిగిందని తెలిసి, ఇక నిద్రపట్టక ఆశువుగా చెప్పిన పద్యమిది. కవి పేరు దొరకలేదు. ఆరక్షరాల పీఎన్‌ఆర్ మాత్రం దొరికింది. విమానసంస్థ లెక్కలో పేరైనా, గోత్రమైనా అదే. కవికి ప్రేరణ అతని సెల్‌ఫోన్‌కు వచ్చిన ఈ వచనం:

‘ప్రియమైన ప్రయాణికులారా! కార్యనిర్వహణ కారణాల వల్ల మీ విమానం వేళ మార్చబడినది. పాత వేళ 06:10. కొత్త వేళ 11:45. అంగీకరించుటకు ఇక్కడ నొక్కండి. అసౌకర్యానికి చింతిస్తున్నాము.’

నొక్కమన్న చోట ఆకుపచ్చ బటన్ అరచేతి వెడల్పున ఉంది. దాని కింద బూడిదరంగులో, చత్వారం ఉన్నవాళ్లకు ఆనని అక్షరాల్లో ‘ఇతర అవకాశాలు’ అని ఉంది. ఈ శాస్త్రంలో సగం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది కనుక వ్యాఖ్యానం అవసరమైంది.

మూలం (ఆటవెలది)

వేళ మారె ననుచు విచ్చేసె సందేశ
మర్ధరాత్రి నిద్ర మంటగలిపి;
కొన్నవాని దోస మన్నట్లు పలుకును
పయనమేల నీకు పంతమేల!

ప్రతిపదార్థం

వేళ = టికెట్టుపై అచ్చైన సమయము, అనగా సంస్థ ఆనాటికి అనుకొన్నది; మారెన్ = మారినది, తనంతట తానే మారినదని భావము; అనుచు = అని పలుకుచు, ‘ఎందుకో చెప్పక’ అని అధ్యాహార్యము; సందేశము = సెల్‌ఫోనున మ్రోగిన వార్త; విచ్చేసెన్ = వేంచేసినది, తిథి చూడక వచ్చినది గనుక అతిథి, అందుచే గౌరవ క్రియ; అర్ధరాత్రి = కాల్‌సెంటరు వారు తప్ప ఎవ్వరును మేలుకొని ఉండని, వారును ఫోను తీయని సమయమున; నిద్రన్ = కునుకును; మంటగలిపి = పాడుచేసి; కొన్నవాని దోసము అన్నట్లు = టికెట్టు కొనుటయే నేరమన్నట్లు; పలుకును = మాటాడును; నీకు = ఇంటిల్లిపాదికి టికెట్లు తీసిన నీకు; పయనము ఏల = ఊరికి పోవుట ఎందుకు; పంతము ఏల = అదియును చెప్పిన వేళకే పోవలెనను పట్టుదల ఎందుకు.

తాత్పర్యం

వేళ మార్చింది వారు. సర్దుకోవలసింది మనం. పైగా సర్దుకోనంటే మొండివాళ్లం.

విశేషాలు

ఒకటి: కర్తృలోపం. ‘మార్చబడినది’ అన్నారు గాని మార్చినదెవరో చెప్పలేదు. పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని వినయంగా భావించారు. అది పొరపాటు. కర్త ఒకడు కాదు, పలువురు. ప్రపంచమంతటా విమానాల పట్టికకు ఏడాదికి రెండే రుతువులు: మార్చి చివరి ఆదివారం మొదలయ్యే వేసవి, అక్టోబరు చివరి ఆదివారం మొదలయ్యే శీతాకాలం. వసంతం, శరత్తు మన పంచాంగంలోవే గాని వాళ్లవి కావు. టికెట్లు మాత్రం చాలా నెలల ముందుగానే అమ్మకానికి వస్తాయి. అప్పటికి రాబోయే రుతువులో ఏ విమానాశ్రయంలో ఏ వేళకు చోటు దొరుకుతుందో పూర్తిగా తేలి ఉండదు. ఉగాదికి ముందు దసరా టికెట్టు కొన్నామంటే ఇంకా ఖరారుకాని వేళను ఖరారు ధరకు కొన్నామన్నమాట. రుతువు మారే ఆ రెండు ఆదివారాల చుట్టుపక్కల సందేశాలు ముసురుకోవడం అందుకే.

మిగతా కర్తలు: సగం నిండిన రెండు విమానాలను ఒకటి చేద్దామనుకునే లెక్కలవారు, మరమ్మతుకు పోయిన విమానం, డ్యూటీ గంటలు అయిపోయిన పైలటు, మూసేసిన గగనతలం. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వనన్నాక, ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి చుట్టుతిరిగి పోవలసి వచ్చింది. విశాఖ విమానాశ్రయమైతే నౌకాదళానిది. అక్కడ పౌర విమానం అతిథే. ఇందరు కర్తలుండగా ఏ ఒక్కరి పేరు చెప్పినా మిగతావారు నొచ్చుకుంటారు.

రెండు: ధ్వని. ‘కార్యనిర్వహణ కారణాలు’ అన్నచోట వాచ్యార్థం శూన్యం, వ్యంగ్యార్థం అనంతం. 2025 డిసెంబరు మొదటి వారంలో ఈ వ్యంగ్యం దేశానికంతటికీ ఒకేసారి స్ఫురించింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి దిగడాలను ఆరు నుంచి రెండుకు తగ్గించిన నిబంధనలు అంతకు ముందు నెలలో పూర్తిగా అమలులోకి వచ్చాయి. అవి వస్తాయని ముందే తెలుసు. అయినా అప్పట్లో దేశీయ ప్రయాణికుల్లో నూటికి అరవైమందికి పైగా మోస్తున్న ఇండిగో దగ్గర తగినంతమంది పైలట్లు సిద్ధంగా లేరు. విమానాలు వేలల్లో రద్దయ్యాయి. శంషాబాదులో సూట్‌కేసులే తలగడలయ్యాయి. చివరికి ప్రభుత్వమే నిబంధన నుంచి తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. విశ్రాంతి పైలటుకు రాలేదు, ప్రయాణికుడికీ రాలేదు.

మూడు: లాఘవం. 06:10 నుంచి 11:45 దాకా ఎంత? అయిదు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలో ఆలస్యం ఆరు గంటలు మించితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలని ఉంది. ఈ సందేశకర్త ఆ గీతకు ఇరవై అయిదు నిమిషాలు ఇవతలే ఆగాడు. యాదృచ్ఛికమని లౌకికులంటారు. కవిసమయమని మేమంటాం.

నాలుగు: రసం. ‘చింతిస్తున్నాము’ అన్నది సంచారీభావం. దానికి అనుభావాలు, అనగా భోజనం కూపను, హోటలు గది, వేరే టికెట్టు, ఎక్కడా కనబడవు గనుక రసం పుష్టి పొందలేదు. ప్రయాణికుడిది రౌద్రం, చూసేవాళ్లది హాస్యం, సంస్థది శాంతం.

అయిదు: పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ‘పైకమేల నీకు పంతమేల’ అని ఉంది. గణం చెడదు, యతీ నిలుస్తుంది. అర్థం మాత్రం ముదిరింది: డబ్బు వాపసు అడగడమెందుకని. ఈ పాఠం ట్రావెల్ సైట్ల ద్వారా కొన్నవారి ప్రతుల్లో ఎక్కువ. డీజీసీఏ ప్రకారం డబ్బు తిరిగి తీసుకోవాలా, సంస్థ ఖాతాలోనే ఉంచి మళ్లీ వాడుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఏజెంటు దగ్గర కొన్నా వాపసు బాధ్యత విమానసంస్థదే. కనుక ‘క్రెడిట్ షెల్‌లో వేశాం సార్’ అంటే ‘నేనడిగానా?’ అనడం శాస్త్రసమ్మతం.

మతభేదాలు

‘మరి ఏ విమానం ఎక్కాలి?’ అన్న ప్రశ్న దగ్గర మూడు సంప్రదాయాలున్నాయి.

ద్వైతులు రెండు టికెట్లు కొంటారు. హైదరాబాదు నుంచి ముంబై దాకా ఒక సంస్థ, అక్కణ్నుంచి పై దేశానికి మరొకటి. ఈ పీఎన్‌ఆర్ వేరు, ఆ పీఎన్‌ఆర్ వేరు, రెంటికీ సంబంధం లేదన్నది వీరి సిద్ధాంతం. చిక్కేమిటంటే విమానసంస్థలు కూడా ఈ సిద్ధాంతాన్ని అక్షరాలా పాటిస్తాయి. మొదటి విమానం వేళ జరిగి రెండోది అందకపోతే, రెండో సంస్థ ‘ప్రయాణికుడు రాలేదు’ అని రాసుకుని తలుపు వేసేస్తుంది. పెట్టెలు మధ్యలో దింపుకోవాలి. ఒకటో టెర్మినల్‌లో దిగితే రెండో టెర్మినల్‌కు ముంబై రోడ్ల మీద టాక్సీలో పోవాలి. విడివిడిగా కొని మిగుల్చుకున్న అయిదు వేలు అక్కడే ఆవిరి.

అద్వైతులు ఒకే టికెట్టు, ఒకే సంస్థ అంటారు. శంషాబాదులో ఎక్కి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో డల్లాస్‌లో దిగడం. మధ్యలో ఏ వేళ మారినా గమ్యం చేర్చే బాధ్యత ఆ ఒక్కరిదే. ఖరీదు కాస్త ఎక్కువ. మోక్షానికి చౌకదారి ఉందని ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

విశిష్టాద్వైతులది కోడ్‌షేర్ మార్గం. టికెట్టు ఒకరిది, విమానం మరొకరిది, ప్రయాణికుడు ఇద్దరిదీ. మామూలు రోజుల్లో ఇది సుఖం. వేళ మారిననాడు మాత్రం ఫోనులో ఇలా వినిపిస్తుంది: ‘విమానం నడిపేది మేం కాదు సార్, వాళ్లనడగండి.’ వాళ్లనడిగితే, ‘టికెట్టు ఇచ్చింది మేం కాదు సార్, మార్చాల్సింది వాళ్లే.’ ఇక్కడ శరణాగతి ఎవరికో తేల్చే ఉపాయం ఒకటుంది. ఈ-టికెట్టు నంబరులో 13 అంకెలుంటాయి. మొదటి మూడూ టికెట్టు ఇచ్చిన సంస్థవి. 098 అయితే ఎయిరిండియా, 176 అయితే ఎమిరేట్స్, 157 అయితే ఖతార్. ఆ మూడంకెలవారినే పట్టుకోవాలి.

పూర్వపక్షం

ఇక్కడ బావమరిది లేచి ఇలా ఆక్షేపిస్తాడు: ‘బావా, అన్నీ ఒకటే. ఏది చవకైతే అది కొట్టు. నేను సైటులో చూస్తా, నా నంబరు మీద బుక్ చేస్తా, నువ్వు తర్వాత పంపిద్దువుగాని.’

సమాధానం: అన్నీ ఒకటే అన్నమాట చరిత్రకు నిలవదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్, 2023 మేలో గో ఫస్ట్ ఎగరడం మానేశాయి. మనవాళ్లూ ప్రయత్నించారు: విజయవాడ కేంద్రంగా 2013లో లేచిన ఎయిర్ కోస్టా 2017లో, హైదరాబాదు నుంచి 2015లో లేచిన ట్రూజెట్ 2022లో నేలకు దిగి మళ్లీ లేవలేదు. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసింది. ఇన్ని పోగా మిగిలినవి కొన్నే. పెద్ద నగరాల మధ్య తప్ప ‘ఎంపిక’ అన్నది చాలాచోట్ల మర్యాదకు అనే మాట.

ఇక ‘నా నంబరు మీద’ అన్న భాగం మరీ ప్రమాదం. వేళ మారిందన్న సందేశం ఆ నంబరుకే పోతుంది. బావమరిది ఫోనులో పెళ్లి ఫొటోల కింద పడి ఉంటుంది. బుకింగ్‌లో సరైన ఫోను నంబరు, ఈమెయిలు ఇవ్వనివాడికి విమానం రద్దయినా పరిహారం ఇవ్వనక్కర్లేదని నిబంధనలోనే ఉంది.

సిద్ధాంతం

టికెట్టు మీది వేళ వాగ్దానం కాదు, అంచనా. ఏ సంస్థ అయినా వేళకు తాను కట్టుబడి లేనని షరతుల్లో రాసుకునే ఉంటుంది. కనుక వేళ చూసి సంస్థను ఎంచుకోవడం అవివేకం. చూడవలసింది ఒక్కటే: ఈ విమానం జరిగితే, అదే రోజు అదే దారిలో ఆ సంస్థకే ఇంకో విమానం ఉందా? హైదరాబాదు–ఢిల్లీ, హైదరాబాదు–బెంగళూరు దారుల్లో రోజుకు చాలా ఉంటాయి. ఒకటి జరిగినా రెండోది అందుతుంది. ఒక చిన్న ఊరికి రోజుకొక్క విమానమే నడిపే సంస్థ దగ్గర వెయ్యి రూపాయలు తగ్గితే, ఆ తగ్గింపులో మీ రెండో అవకాశం ఖరీదు కూడా కలిసి ఉందని గ్రహించాలి.

అనుబంధ సూత్రాలు కొన్ని. తెల్లవారి మొదటి విమానం మేలు. ముందురోజు ఆలస్యాలు దానికి తక్కువ అంటుకుంటాయి. నేరుగా పోయే విమానం దొరికితే మధ్యలో మారవలసినది వద్దు. సొంత నంబరుతో, సంస్థ సొంత సైటులోనే కొనాలి. కొత్త వేళ కుదరకపోతే అంగీకరించానని నొక్కకూడదు. అంగీకరించాక అడిగే హక్కు పలచనవుతుంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను చదివినవారికి విమానం వేళకు రాదు. ఏమి రావాలో మాత్రం తెలుస్తుంది. మన దేశంలో ఒక రోజు ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే, గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపు దానికి 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా టికెట్టు మూలధర, ఇంధన రుసుము కలిపి, ఏది తక్కువైతే అది రావాలి. తుపాను, పొగమంచు వంటి సంస్థ చేతిలో లేనివి మినహాయింపు. అమెరికాకు పోయే, అమెరికా నుంచి వచ్చే మనవారికి 2024 నాటి అక్కడి నిబంధన ఉంది: అంతర్జాతీయ విమానం ఆరు గంటలు, దేశీయమైతే మూడు గంటలు జరిగితే, కొత్త వేళ వద్దన్నవారికి అడగకుండానే డబ్బు వాపసు ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య దేశాల నుంచి ఎక్కేవారికి పద్నాలుగు రోజుల ముందు చెప్పకుండా రద్దు చేస్తే 250 నుంచి 600 యూరోల దాకా పరిహారముంది.

అడిగినా ఇవ్వకపోతే ముందు సంస్థ నోడల్ అధికారికి రాయండి, తర్వాత ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి, అప్పటికీ కదలకపోతే వినియోగదారుల సహాయవాణి 1915కి ఫోను చేయండి. పెళ్లికి పోవలసి ఉంటే మాత్రం ఇవేవీ నమ్ముకోకండి. ముహూర్తానికి ముందురోజే ఊళ్లో దిగండి.