మోకాలు దాటిన ధైర్యం

ఈ వారం ఆ కొత్త సినిమా ఫస్ట్‌లుక్ పోస్టర్ చూడని తెలుగువాడంటూ ఉండడు. నడివేసవి, మిర్చి యార్డు, నెత్తిన నిప్పులు, చుట్టూ నూట పాతిక మంది రౌడీలు, మధ్యలో చీలమండల దాకా వేలాడే నల్ల తోలు కోటుతో మన హీరో. ఎండలో ఆ కోటేమిటని ఎవరో పాపం అమాయకంగా అడిగితే, కోటు లేకపోతే పాత్రకు బరువు రాదని సినిమావాళ్లు సెలవిచ్చారు. ఆ జవాబుకు నవ్వినవాళ్లు తొందరపడ్డారు. అందులో పెద్ద శాస్త్రం ఉంది. ధైర్యం గుండెలో ఉంటుందని పెద్దవాళ్లు ఇన్నాళ్లూ మనల్ని మభ్యపెట్టారు. అది గుడ్డలో ఉంటుంది. గుడ్డలో ఉన్నదాన్ని టేపు పెట్టి కొలవచ్చు.

కాబట్టి ప్రభుత్వం ఆలస్యం చేయకుండా కోటు కొలతల శాఖ ఒకటి పెట్టాలి. నడుము దాకా వస్తే ఐదుగురు రౌడీలు, మోకాలు తాకితే పాతిక మంది, పిక్క దాటితే వంద. చీలమండ దగ్గర ఆగిన కోటుకు పరిమితి లేదు, లారీలు కూడా గాల్లోకి లేస్తాయి. ఇన్నాళ్లూ పోలీసు ఉద్యోగానికి ఛాతీ కొలిచేవాళ్లు, ఇక దర్జీ వచ్చి కోటు కొలిస్తే చాలు. రెండు ముఠాలు కొట్టుకు చావనక్కర్లేదు. నాయకులిద్దరూ పక్కపక్కన నిలబడితే ఎస్సై గారు టేపు జార్చి, రెండంగుళాలు తక్కువైనవాణ్ణి లోపల వేస్తారు. ఎన్నికల అఫిడవిట్‌లో ఆస్తులు, కేసుల పక్కన కోటు పొడుగుకూ ఒక గడి కేటాయించాలి. చిక్కల్లా వకీళ్లతోనే. కింది కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. మన లెక్కన వాళ్ల ధైర్యానికి వేసవి సెలవులన్నమాట. లుంగీ సంగతి ఇంకా తేలలేదు. అదీ చీలమండ దాకా వచ్చేదే. కానీ మన హీరో కొట్టే ముందు చేసే మొదటి పని దాన్ని మోకాళ్ల పైకి ఎగ్గట్టడం. ఇంతకీ ధైర్యం గుడ్డ పైకి పోతే వస్తుందా, కిందికి దిగితే వస్తుందా?

ఇది చిన్న చిక్కు కాదు. తెగువ గురించి మనం వాడే మాటలు గుడ్డను కురచ చేసేవే. నడుం బిగించాడంటాం, పంచె ఎగ్గట్టాడంటాం, చొక్కా చేతులు మడిచాడంటాం. కోటు తొడిగాడంటే మనకు గుర్తొచ్చేది రిసెప్షన్‌లో నిలబడ్డ పెళ్లికొడుకు. పొడుగు కోటు వేరే వాతావరణం బిడ్డ. థామస్ బర్బెరీ నీళ్లు దిగని గాబర్డీన్ గుడ్డకు 1888లో పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో బ్రిటిష్ అధికారులు ఆ గుడ్డ కోటు తొడిగారు. అధికారులే సుమా, సొంత డబ్బుతో కొనుక్కోగలిగినవాళ్లు. మామూలు సిపాయికి దక్కింది తడిస్తే మోయలేని ఉన్ని కోటు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో హంఫ్రీ బోగార్ట్ అలాంటి కోటుతోనే పారిస్ స్టేషన్లో వానలో నిలబడతాడు. ప్రేమించినామె రానని రాసిన ఉత్తరం చేతిలో ఉంటుంది, చినుకులకు దాని మీద సిరా కారిపోతుంది. అక్కడ వాన ఉంది, కోటుకు పని ఉంది. 1968లో సెర్జియో లియోనే ‘వన్సపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదట్లో రైలు కోసం కాచుకున్న ముగ్గురు హంతకులవి దుమ్ము ఆపే కోట్లు. అక్కడ దుమ్ము ఉంది. మన దగ్గరికొచ్చేసరికి వాన పోయి, చలి పోయి, కోటు మిగిలింది. పాత డిటెక్టివ్ నవలల అట్టల మీద కాలరెత్తిన ఓవర్‌కోట్లు చూస్తే మద్రాసు మౌంట్ రోడ్డు మీద మంచు కురుస్తోందనుకోవాలి. మనకంటూ గొల్లకురుమల గొంగడి ఉంది. వానా చలీ ఆపుతుంది, రాత్రికి పక్క అవుతుంది. గద్దర్ దాన్ని భుజాన వేసుకునే వేదికలెక్కాడు. ఏం లాభం, స్లో మోషన్‌లో ఎగరదు.

హాంకాంగ్‌లో మాత్రం చలా అని అభిమాని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1986లో జాన్ వూ ‘ఎ బెటర్ టుమారో’ వచ్చాక చౌ యున్ ఫాట్‌ను చూసి అక్కడి కుర్రాళ్లు ఆ ఉక్కలోనే పొడుగు కోట్లు తొడుక్కుని తిరిగారు. ఆ కోటుకు మార్క్ అనే ఆ పాత్ర పేరే పెట్టుకున్నారు. అయితే ఆ సినిమాలో కోటు వైభవం ఎంతోసేపు నిలవదు. కాలికి తూటాలు తగిలి, కుంటుతూ, పరాయివాళ్ల కార్లు తుడుస్తూ, పార్కింగ్ స్థలంలో కూర్చుని డబ్బా అన్నం తింటాడు మార్క్. కోటు విలువ తెలిసేది ఆ అన్నం దగ్గరే. మన హీరో కోటును ఎవరూ విప్పరు, చింపరు, దానికి మట్టైనా అంటదు. ఆయుధాలు దాచడానికంటారా, మనవాడి కత్తి పోస్టర్‌లో అతని కంటే పొడుగ్గా బయటే ఉంటుంది. ఇదంతా కల్పన, కల్పనకు థర్మామీటర్ పెట్టకూడదంటారా, ఒప్పుకుంటాను. అతను గాల్లో తేలినా నాకు అభ్యంతరం లేదు. కానీ కల్పనలో కూడా గెలిచినవాడికి కొంత చెమట పట్టాలి. ఈ కోటు చెప్పే కథ ఒక్కటే, వీడికి ఎండ తగలదని. ఎండ తగలనివాణ్ణి మొనగాడంటున్నాం.

నిజంగానే తగలదు. కట్ అనగానే ఇద్దరు పరుగెత్తుకొచ్చి కోటు విప్పుతారు, ఇంకొకరు గొడుగు పడతారు, కారవాన్‌లో ఏసీ సిద్ధంగా ఉంటుంది. హీరో దెబ్బకు ఎగిరి మిర్చి టిక్కీల మీద పడ్డ ఫైటర్ మాత్రం రెండో టేక్‌కు లేచి మళ్లీ అదే ఎండలో నిలబడతాడు. షూటింగ్ లేని రోజున ఘాటుకు ముక్కూ నోరూ తువ్వాలుతో చుట్టుకుని ఆ టిక్కీలు మోసే హమాలీ ఒంటి మీద ఉండేది చిరుగుల బనీను. బరువు ఎలా వస్తుందో అతన్ని అడగాల్సింది. 2015 ఎండల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకు చచ్చిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ఆ కూలీలకు ఎండ సంగతి తెలియక కాదు, ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదని పనికి వెళ్లారు. వాళ్లలో ఒక్కరి పేరు మనలో ఎవరికైనా గుర్తుందా? వాళ్లు అలా పనికి వెళ్లడాన్ని తెగువ అని పొగడడానికి కూడా నోరు రావడం లేదు, సిగ్గేస్తోంది. పనిచోట తాగునీళ్లుండాలని, పిల్లలకూ విశ్రాంతికీ నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసుకున్నాం. నీడంటే నాలుగు కర్రలు, ఒక పరదా గుడ్డ. టేపు పట్టుకున్న దర్జీ గారూ, హీరో గారి కోటు తర్వాత కుట్టుదురు గాని, ముందు ఆ పరదాకు ఎన్ని మీటర్లు కావాలో కొలవండి.