జాలీ కింది ఏకాక్షరి: టీకా తాత్పర్యాలతో

మూలం:
మ్‌మ్‌మ్‌మ్‌మ్‌మ్‌మ్‌మ్...

అవతారిక: న్యూయార్క్ నగరం టైమ్స్ స్క్వేర్‌లో, బ్రాడ్‌వే మీద 45, 46 వీధుల నడుమ, రోడ్డు మధ్య తిన్నెలో ఒక ఇనుప జాలీ ఉంది. కింద సబ్‌వేకు గాలాడే గొయ్యి. అందులోంచి వెలువడే కృతి ఇది. పేరు ‘టైమ్స్ స్క్వేర్’. కర్త మ్యాక్స్ న్యూహౌస్, పూర్వాశ్రమంలో తాళవాద్య విద్వాంసుడు. రచనాకాలం 1977. అక్కడ పేరు పలక లేదు, కవే వద్దన్నాడు. జాలీ మీద కాలు పెట్టినవాడే శ్రోత.

ప్రతిపదార్థం: మ్ = మ్ అను శబ్దము; మ్ = మఱల అదియే; కడమ వాటికిని ఇట్లే గ్రహించునది. (మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. కాళిదాసుకు రాశాడు గనుక చెల్లింది. మూలమే ఒక హల్లయినచోట ఆ ప్రతిజ్ఞ పడితే వ్యాఖ్యాత పస్తుండాలి.)

తాత్పర్యం: కాళ్ల కింద ఏదో మోగుతోంది. ఏమిటో తెలియదు.

ఛందస్సు: ప్రాస పుష్కలం. విరామం మాత్రం లేదు, రాత్రింబవళ్లు ఆగదు.

గ్రంథపాతం: 1992 నుంచి 2002 దాకా. తరవాత డయా ఆర్ట్ ఫౌండేషన్ వారి పూనికతో కృతి మళ్లీ వెలుగు చూసింది, అనగా చీకటి గోతిలోంచి వినిపించింది.

ప్రక్షిప్తాలు: ట్యాక్సీ హారన్లు, రైలు గడగడ, సెల్ఫీలవారి కేకలు. వీటిని ఏరిపారేయాలని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. 1966లోనే ఈ కవి శ్రోతల చేతుల మీద ‘వినండి’ అని ముద్ర కొట్టి, వాళ్లను హాల్లో కూర్చోబెట్టకుండా వీధుల వెంట నడిపించాడు. రొద ఆయనకు మూలంలో భాగమే.

అలంకారం: విభావన. కారణం లేకుండానే కార్యం పుట్టినట్టు చెప్పడం దాని లక్షణం. ఆలంకారికులు వ్యంగ్యార్థాన్ని గంట కొట్టాక మిగిలే అనురణనంతో పోల్చారు. ఇక్కడ అచ్చం పెద్ద గంటల అనురణనమే వినిపిస్తుంది, గంటే లేదు. గోతిలో యంత్రమూ లౌడ్‌స్పీకరూ ఉన్నాయని తెలిసినవాడు కూడా ఓసారి కిందికి వంగి చూస్తాడు.

రసం: జగడమంతా ఇక్కడే. శాంతమని కొందరంటారు. శాంతమైతే దారిన పోయేవాడు ఠక్కున ఆగడమేమిటి? ఆ ఆగడం అనుభావం, ‘ఏమైనా పాడైందా’ అన్న శంక సంచారి. రసం భయానకమే. కాకపోతే పులిని చూసిన భయం వేరు, ఇది వేరు. తంబుర మీటుతూనే ఉంటారు, గాయకుడు ఎంతకీ రాడు. అలాంటి కచేరీలో కూర్చున్నవాడి గుబులు ఇది. శ్రుతి వినిపించిందంటే ఏదో మొదలవుతుందని చెవి నిక్కబొడుచుకుంటుంది. ఆ మొదలయ్యేది రాదు. ఇక చెవి ఊరుకోక మోతలోనే వెతుకుతుంది: అడుగున ఇంకో స్వరం, దాని పక్కన సన్నని జీర. మామూలు పాట ఎక్కడ ఊగాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తనే చెప్పేస్తుంది. ఇది చెప్పదు. ఆ ఇబ్బందిలోనే రుచి ఉంది. రుచించనివాడిని అరసికుడనడం కూడా మాకు సమ్మతం కాదు. ఇంట్లో ఫ్రిజ్ మోతతో వేగుతున్నాడేమో.

ఫలశ్రుతి: న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లినవారు ఎలాగూ టైమ్స్ స్క్వేర్ చూస్తారు, తెరల ముందు ఫొటో దిగుతారు. అదయ్యాక ఆ జాలీ మీద రెండు నిమిషాలు నిలబడండి. చెప్పుల మడమలు సందుల్లో ఇరుక్కోకుండా చూసుకోండి. మోత వినిపిస్తే రైల్వేవారికి మాత్రం ఫిర్యాదు చేయకండి.