తెల్లారాక చూద్దాం

పొలంలో పాదానికి ముల్లు గుచ్చుకుంది. సాయంత్రానికి పిక్క దాకా సలుపు, ఒళ్లు కాలిపోతోంది, కాలు కింద మోపలేరు. పైకి చూస్తే మాత్రం చర్మం కాస్త ఎర్రబడిందంతే. ఇక్కడ మీరు నమ్మాల్సింది కంటిని, నొప్పిని కాదు. "ఇంత గీతకి అంత ఏడుపా?" అని ఇంట్లోవాళ్లంటే సిగ్గుపడి ఊరుకోండి. కనబడే గాయానికి పొంతన లేని నొప్పే నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ తొలి గుర్తనీ, సూక్ష్మజీవులు పైచర్మం జోలికి రాకుండా కండ మీది పొర వెంబడి పాకిపోతాయనీ డాక్టర్లంటారు. వాళ్లకేం, అంటారు.

సుగర్ ఉందా? ఆ సంగతి బయటపెట్టకండి. సుగర్‌తో పాదాలు మొద్దుబారి ఉంటే నొప్పి కూడా తక్కువే తెలుస్తుంది, పని మరీ సాఫీగా సాగుతుంది.

ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టండి. ఆనక ఆర్‌ఎంపీ దగ్గర ఒక నొప్పి ఇంజెక్షన్. జ్వరం దిగుతుంది, సలుపు అణుగుతుంది, లోపలిది తన దారిన తాను పోతుంది.

ఆసుపత్రిలో ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, గంటగంటకీ వచ్చి చూసే నర్సమ్మ తగలొచ్చు. ఆవిడ అటు తిరగ్గానే గీత తుడిచేయండి. వాపు గీత దాటిందని తెలిస్తే నిద్ర పట్టదు.

రక్తపరీక్షల మీద మాత్రం భక్తి పెంచుకోండి. 2004లో సింగపూర్ వైద్యులు సీఆర్‌పీ, తెల్లకణాలు, హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, గ్లూకోజు చూసి మార్కులు వేసే పద్ధతి పెట్టారు. 6 వస్తే అనుమానించమన్నారు. మీకు 4 వచ్చాయా? పాసైనట్టే. తక్కువ మార్కులవాళ్లలోనూ ఈ జబ్బు బయటపడిందన్న ముక్క చదవకండి. ఎక్స్‌రేలో గ్యాస్ కనబడలేదా? అదీ శుభమే. జబ్బున్న చాలామందికీ కనబడదు లెండి.

ఇక నాకు బాగా నచ్చిన ఘట్టం. ఉన్నట్టుండి నొప్పి మాయమవుతుంది. చర్మం వంకాయ రంగుకి తిరిగి, బొబ్బలు లేచి, గిల్లినా తెలియదు. నరాలు చచ్చాయంటారు గిట్టనివాళ్లు. మీరు కొబ్బరికాయ కొట్టండి.

ఆఖరికి సర్జన్ వస్తాడు. స్కాన్ల కోసం ఆగేది లేదు, చిన్న కోత పెట్టి వేలు దూర్చి చూస్తానంటాడు. మంచి పొరైతే వేలికి లొంగదట. కుళ్లిందైతే అడ్డు లేకుండా విడిపోయి, నెత్తురుకి బదులు కుడితినీళ్లు వస్తాయట. వెంటనే సంతకం పెట్టమంటాడు. మేనమామ వచ్చాక పెడతామనండి. ఆయన బెంగళూరులో ఉన్నాడు, బస్సు రాత్రి పదకొండింటికి.