పట్టపగలు ఐదు చుక్కలు

‘దేశమంతటా ఉచిత డెలివరీ’ అని తాటికాయంత అక్షరాల్లో వేస్తారు. చివర ఆవగింజంత చుక్క గుర్తు పెడతారు. ‘మెయిన్‌లాండ్’ జనానికి ఆ చుక్కతో పనిలేదు. అండమాన్‌లో ఉన్నవాళ్లు ఆ చుక్క ఒక్కటి చదువుకుంటే చాలు, మిగతా ప్రకటన చదవనక్కర్లేదు. 744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొట్టగానే జవాబు వస్తుంది: ‘క్షమించండి, ఈ వస్తువు మీ ప్రాంతానికి అందుబాటులో లేదు.’ ఫోను కవరు వస్తుంది, చెవిపోగులు వస్తాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అనేసరికి దేశం చెన్నై రేవు దగ్గర ఆగిపోతుంది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని మాత్రం అనకండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి ఈ ద్వీపాలకు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభించారు. అంతకుముందు ‘లేదు’ అనే మాట కోసం తెర మీద చక్రం తిరుగుతుంటే గుడ్లప్పగించి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు రెప్పపాటులో లేదనేస్తున్నారు. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మార్చారు. ఆ కొత్త పేరు ఢిల్లీ నుంచి ఒక్కరోజులో చేరింది. పేరుకు ఓడ అక్కర్లేదు కదా! ఎన్నికలొస్తే ఓటింగ్ యంత్రం పడవెక్కి, అవసరమైతే హెలికాప్టరెక్కి మారుమూల ద్వీపానికి వస్తుంది. బట్టలుతికే యంత్రం రాదు. మన బట్టలకు ఓటు లేదు మరి.

సరే, ఆన్‌లైన్ వద్దు, శ్రీ విజయపురంలోని అబెర్డీన్ బజారుకే పోదాం. భాషతో ఇబ్బంది లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. బేరం ఇలా సాగుతుంది.

‘‘వేరే రంగు లేదా అన్నా?’’

‘‘ఓడెక్కింది ఇదే తమ్ముడూ.’’

‘‘పోనీ, వచ్చే ఓడలో?’’

‘‘వచ్చే ఓడలో ఇది కూడా ఉండదు.’’

ధర దగ్గర నోరెత్తితే లారీ కిరాయి, ఓడ కిరాయి, ఎత్తుడు కూలీ, దించుడు కూలీ వరసగా అప్పజెబుతాడు. అతని తప్పేం లేదు. వెయ్యికి పైగా కిలోమీటర్ల నీటిని మధ్యలో పెట్టింది అతను కాదు.

అసలు కథ ఆ తర్వాత. కొన్నవాడు ఉండేది లిటిల్ అండమాన్‌లో అనుకోండి. మళ్లీ ఓడ. అట్టపెట్టె మీద ‘ఈ వైపు పైకి’ అని బాణం గుర్తు ఉంటుంది. చెన్నైలో ఆ బాణం ఆకాశాన్ని చూపిస్తుంది. శ్రీ విజయపురం హడ్డో రేవులో తూర్పును చూపిస్తుంది. తాళ్లతో కట్టి లిటిల్ అండమాన్‌లోని హట్ బేలో దించేసరికి పాతాళాన్ని చూపిస్తుంది. పడుకుని వచ్చిన ఫ్రిజ్‌ను నిలబెట్టి, కంప్రెసర్‌లో నూనె కిందికి దిగేదాకా కొన్ని గంటలు ఆగి స్విచ్ వెయ్యాలి. ఆ సంగతి ఇక్కడ ఇంటింటికీ తెలుసు. డ్రమ్ము కదలకుండా బిగించిన బోల్టులు తీయకుండా వాషింగ్ మెషిన్ తిప్పితే అది గది అంతా గంతులేస్తుందనీ తెలుసు. తెలియనిదల్లా టెక్నీషియన్ ముఖం.

గ్రేట్ నికోబార్ నుంచి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా మర్యాదకు లోటుండదు.

‘‘సార్, మా టెక్నీషియన్ 48 గంటల్లో వస్తారు. లాండ్‌మార్క్ చెప్పండి.’’

‘‘క్యాంప్‌బెల్ బే. చుట్టూ సముద్రం.’’

‘‘ఓకే సార్. సముద్రానికి ఆపోజిట్‌లో ఏముంది?’’

టెక్నీషియన్ వచ్చేలోపు మనమే విప్పితే వారంటీ పోతుంది, విప్పకపోతే ఫ్రిజ్ పోతుంది. వారంటీ గడియారం మాత్రం బిల్లు రాసిన రోజే తిరగడం మొదలుపెడుతుంది. పెట్టె ఇంకా రేవులో టార్పాలిన్ కింద ఉండగానే దాని బాల్యం గడిచిపోతుంది. తుప్పు పడితే తమకు సంబంధం లేదని కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే ఆ వారంటీ ఉప్పుగాలి లేని అండమాన్‌కు మాత్రమే వర్తిస్తుందన్నమాట. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు నేల మీద నిలబడి అన్నారు. ద్వీపంలో ఉండి ఉంటే కొనబోతే సముద్రం, అమ్మబోతే తుప్పు అనేవారు.

ఇక ఫ్రిజ్ తలుపు మీద ఐదు నక్షత్రాలు, కరెంటు ఆదా అవుతుందట. ఇక్కడి కరెంటులో అధిక భాగం డీజిల్ కాల్చి పుట్టించేదే. ఆ డీజిల్ వచ్చేదీ ఓడలోనే. ఓడలో వచ్చిన ఫ్రిజ్, ఓడలో వచ్చిన కరెంటు తిని, ఓడలో వచ్చిన ఉల్లిపాయల పక్కన టమాటాలకు కాపలా కాస్తుంది. వాతావరణం బాగాలేక ఓడ ఆగిందంటే ఆ ఐదు నక్షత్రాలూ పట్టపగలే కనిపిస్తాయి.

అయినా దిగులు పడకండి, మంచి రోజులొస్తున్నాయి. సుమారు 72 వేల కోట్ల అంచనాతో మొదలైన గ్రేట్ నికోబార్ పథకంలో గలాతియా బే దగ్గర మహా రేవు కడతారు. పూర్తయితే ఏటా కోటికి పైగా కంటెయినర్లు ఆ రేవులో ఓడ మారతాయట. ఖండాలు దాటి పోయే ఫ్రిజ్‌లు అక్కడ దిగి, అక్కడే ఎక్కి, వెళ్లిపోతాయి. అదే ద్వీపంలో క్యాంప్‌బెల్ బే గృహిణి ఒడ్డున నిలబడి వాటికి టాటా చెప్పొచ్చు.

కంపెనీల వారు పెద్ద త్యాగాలేమీ చేయనక్కర్లేదు. వారంటీని ఫ్రిజ్ ఇంటికొచ్చి స్విచ్ వేసిన రోజు నుంచి లెక్కించండి. ద్వీపానికో కుర్రాడికి పని నేర్పి, మీ ముద్ర ఉన్న కాగితం, నాలుగు విడిభాగాలు చేతికివ్వండి. ఓడ ఖర్చు ఎంతో ధర పక్కనే రాయండి. అదీ చేతకాకపోతే ప్రకటనలో ‘దేశమంతటా’ అన్న మాట కొట్టేయండి.

ద్వీపాల్లో ఉన్నవారికి ఒక్క మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నది ఎక్కడైనా, కేసు మీరుండే చోటే వేయొచ్చు. బిల్లు, వారంటీ కార్డు, ఫోన్ చేసిన తేదీలు భద్రం చేసుకుని కేసు వేయండి. ఓడ దొరక్క వాయిదాకు రాలేకపోయామని కంపెనీ వకీలు విన్నవించుకుంటే, ముందు వరసలో కూర్చుని మరీ వినండి.